రాజలింగు మీసం, రామ్‌ధనీ చెయ్యి

రాజలింగు ఎసొంటోడనుకున్నరు? బొగ్గు బాయిల ముగ్గురు నింపే టబ్బును ఒక్కడే నింపి, దాని మీద కూసోని బీడీ తాగేటోడంట. బాయిల అగ్గి పుట్టియ్యద్దు కదా అంటరేమో, వాడు అగ్గి లేకుండనే తాగేటోడు. ఇగ వాని మీసం సంగతంటరా, బాయిలకు దించే ఇనుప డబ్బాల నిలవడితే అటు కొస ఒకనికి, ఇటు కొస ఇంకొకనికి గుచ్చుకునేదంట. ఆ మీసం చూసే శంకరవ్వ వాన్ని పెండ్లాడింది అనుకో. సరే, ఏమైందంటే, కంపెనీ దొర గోరఖ్‌పూర్ నుంచి రైలు నిండ మనుషులను దించిండు. బాయి పక్కన రేకుల షెడ్లేసి ఉంచితే, మనోళ్ళు దాన్ని క్యాంపు అన్నరు. క్యాంపోళ్ళల్ల ఒక్కడే ఇద్దరి పని చేస్తడని, దొర మనోళ్ళను యాభై మందిని రేపటి నుంచి రావద్దన్నడంట. ఇగ కడుపు మండదా? వాళ్ళు నీళ్ళల్ల పిండి కలుపుకొని తాగుతరని మనోళ్ళు నవ్వుడు, మనోళ్ళు కారం తిని ఏడుస్తరని వాళ్ళు నవ్వుడు. వాళ్ళల్ల రామ్‌ధనీ అని ఒకడుండె, ఏడడుగుల మనిషి. నేను తక్కువ చేసి చెప్తున్న, ఎనిమిదుంటడు. ఒకనాడు పొద్దుగాల డబ్బా ఎక్కే కాడ వాడు రాజలింగును ఒక్క తోపు తోసిండు. రాజలింగు అందరి ముంగట బురదల కూలవడ్డడు. లేచి, బురద చేతులతోనే మీసం దువ్వి, పొద్దు గూకే లోపల వీన్ని ఇదే బురదల పండవెడ్త, లేకుంటే ఈ మీసం తీసేస్త అన్నడంట. అన్నంక ఇగ అయిపాయె, మీసమన్న ఉండాలె, రామ్‌ధనీ అన్న నిలవడాలె.

పని దిగినంక ఇటు రెండు వందల మంది, అటు రెండు వందల మంది బాయి మీదికొచ్చిండ్రు. అందరూ నల్లగనే, కండ్లు, పండ్లు తప్ప ఏం కనవడుత లేవు. మనోడెవడు, క్యాంపోడెవడు, కన్నతల్లి వచ్చినా గుర్తువట్టదు. రాజలింగు కొంచెం పొడుగ్గ కనవడ్డోన్ని రామ్‌ధనీ అనుకొని ఒక్కటిచ్చిండు. వాడు కింద పడి, బావా, ఇంటికి పోయినంక అక్కకు చెప్త అన్నడంట. వాడు సొంత బామ్మర్ది ఓదెలు! అటు క్యాంపోళ్ళు వాళ్ళ మేస్త్రీనే పట్టుకొని కుమ్ముతున్నరు. ఈ లొల్లిల గేటు కాడ ఉడకవెట్టిన శెనగ గుడాలమ్ముకునే సాయవ్వ గంప బోర్ల పడ్డది. ఆమె ఆ గంప మీదనే ఎక్కి నిలవడి, "ముందు కడుక్కొని రాండ్రిరా, మొకాలు కనవడ్డంక కొట్టుకోండ్రి, నేనే దగ్గరుండి చూస్త" అన్నది. అందరికీ న్యాయమే అనిపించింది.

తానం చేసేటందుకు ఉన్నది ఒక్కటే నీళ్ళ హౌజు. మీకు తెల్వదు గని, బొగ్గు మసి వీపుకు పట్టిందంటే ఎవని వీపు వానికి అందదు. అందుకే బాయి పని చేసేటోళ్ళు వరుసగ నిలవడి, ముంగటోని వీపు ఎనకటోడు తోముతడు. నాలుగు వందల మంది మొకాలకు సబ్బు పెట్టుకొని కండ్లు మూసుకున్నరు, అలవాటు చొప్పున చేతులు ముంగటికి పోయినయి. రాజలింగు వీపు మీద ఒక చెయ్యి పడ్డది. అబ్బ, అది చెయ్యి కాదు, ఏడేండ్ల మసి పొరలు పొరలుగ ఊడి, హౌజు నీళ్ళు సిరా అయినయంట. రాజలింగు కండ్లు మూసుకొని, "కొంచెం కిందికి, ఆఁ, గక్కడ. ఎవనివో గని నువ్వు నాకు తోడవుట్టినోనివి. నీ మీద నా చెయ్యి లేస్తే ఒట్టు" అన్నడు. అందరూ విన్నరు. సబ్బు కడుక్కొని తిరిగి చూస్తే రామ్‌ధనీ. వాడు ఇగ నా వంతన్నట్టు తన వీపు తిప్పిండు. రాజలింగు ఇటుక ముక్క తీసుకొని తోమిండు. గంట పట్టిందంట, వీపు అంత పెద్దది మరి.

పొద్దు గూకబట్టె. మరి మీసమేం చేస్తవురా అని సాయవ్వ అడిగింది. ఎవరో పొద్దుగాలటి మీసం ఒట్టు సంగతి రామ్‌ధనీకి హిందీల చెప్పిండ్రు. వాడు విని, పోయి తనంతట తనే ఆ బురదల ఎల్లకిల పండిండు. ఇగ ఒట్టు తీరింది, మీసం దక్కిందని మనోళ్ళు ఈలలు వేసిండ్రు. గని రాజలింగుకు ఎక్కడలేని కోపమొచ్చింది. ఉరికిపోయి వాని రెక్క పట్టి గుంజి, "గంటసేపు తోమిన వీపురా అది, మల్ల బురదల పెడ్తవా" అని తిట్టుకుంట లేపి, నడిపిచ్చుకపోయి మల్ల తోమిండు. తోమినంక, వాన్ని పండవెట్టింది నేను కాదు, నా ఒట్టు తీరలే అని మంగలాయనను పిలిచి ముంగట కూసున్నడు.

మీసం లేని మొకంతోని ఇంటికి పోయి తలుపు కొడితే, శంకరవ్వ దీపం ఎత్తి చూసి, క్యాంపోనివి నా గడప ఎక్కుతవా అని చీపురు తిరగేసింది. నేనే అంటడు వాడు, ఆమె ఇనదు. క్యాంపు దాక తరిమిందంట. ఆ పూట వాడు క్యాంపుల పిండి నీళ్ళల్ల ఇంత కారం కలిపి తను తాగి, రామ్‌ధనీకి తాగిచ్చిండు, ఇద్దరూ కలిసి ఏడ్చిండ్రు.

యాభై మందికి పని మల్ల దొరికిందా అంటే, లేదు. దొర దొరనే. గని ఆనాటి సంది హౌజు కాడ ఒక్కటే వరుస. నమ్మకుంటే నన్నడుగుడెందుకు, ఇంటికి పోయి మీ వీపు మీరే తోముకొని చూడుండ్రి.