రేపర్ మీది కండలు

కోడలు సింకు దగ్గర ప్రోటీన్ పొడి కలిపే షేకరు కడుగుతోంది. కాలికి ఆపరేషన్ అయినప్పటి నుంచీ గడప దాటని అత్తగారు, వెనక కుర్చీలో కూర్చుని ప్రోటీన్ బార్ నములుతోంది.

“ఇది మందా, మిఠాయా? పాకంలా పళ్లకి అతుక్కుంటోంది.”

“బలానికత్తయ్యా. మన కుట్టు షాపు దాకా నడవాలంటే సత్తువ ఉండొద్దూ?”

“వెనకాల ఏం రాశాడో చదివావా?”

కోడలు చేతులు తుడుచుకుని రేపర్ అందుకుంది. “మొదటి పేరే చక్కెర.”

“మొదట రాసిందే ఎక్కువుంటుందని డాక్టరమ్మ చెప్పలా? కొలత చూడకుండా రంగు చూసి గుడ్డ కొన్నట్టు, నువ్వు ఈ బొమ్మలోవాడి కండలు చూసి కొన్నావు.”

“కండలు బాగానే ఉన్నాయి కదత్తయ్యా.”

అత్తగారు పక్కున నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది.

కోడలు పొడి డబ్బా తెచ్చి చూపించింది. “ఈ పొడిలో చక్కెర లేదు, చదివే కొన్నాను. అన్నం సయించని పూట పాలల్లో కలిపిస్తా. సయించిన పూట మాత్రం పప్పూ గుడ్డూ తినాల్సిందే.”

“అన్నీ నువ్వే చెప్తుంటే ఇక నా అత్తరికం ఏం కాను?”

“అది షాపులో చూపించండి. కుట్టాల్సినవి గుట్టపడి ఉన్నాయి.”

కోడలు కలిపిచ్చిన పాల గ్లాసును అత్తగారు అడుగంటా తాగేసింది. గోడ పట్టుకుని లేచింది. మేకుకు వేలాడుతున్న కొలతల టేపు మెడలో వేసుకుని, చేతికర్ర అందుకుని గడప దాటింది.