డాబా మీద గడులు

చిట్కుల్‌లో, తెల్లవారగానే బిడ్డ చెమటలు కక్కుతూ డాబా దిగేసరికి తల్లి మెట్ల మీద నిమ్మకాయ పట్టుకుని నిలబడి ఉంది.

“మీదికెందుకు పోయినవే? నిన్న బట్టలారేయనీకె పోయి చూసిన. ఎవలో బాణామతి చేసిండ్రు! సుద్దతోని గడులు గీసి, నడుమ కుండపెంక పెట్టిండ్రు.”

“ఎవలు చేస్తరమ్మా?”

“ఇంకెవలు? కింద కిరాయికున్న బిహారామె. ఇప్పుడే పోయి ఇల్లు ఖాళీ చెయ్యమన్న. ఎందుకని అడిగితె చెప్పలే.”

“అయ్యో! ఆ గడులు నేను గీసిన అమ్మా!”

నిమ్మకాయ చేయి జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది.

“నువ్వా? ఎవల మీద చేసినవే?”

“తొక్కుడుబిళ్ల అమ్మా! కాలేజీల రెండు మెట్లెక్కితె ఆయాసమొస్తుంది. చిన్నప్పుడు పొద్దంత దుంకినా అలుపు రాకపోతుండె. అందుకే మళ్ల సురువు చేసిన.”

“పదహారేండ్ల పిల్లకు దుంకుడేందే? పెద్దమనిషివైన నాడే బంద్ చెయ్యమన్న గద!”

“చేసిన. గప్పటిసంది గిట్లయిన.”



“మరి... కిందామెకు తెలుసా?”

“రోజు నాతోని ఆడుతది, ఇయాలనే రాలే. మొదటి దినమే గడులు చూసి చెప్పులిడిచి దుంకింది. నాకు నేర్పింది నువ్వే గద, నువ్వెట్ల గుర్తువట్టలే?”

కింది ఇంట్లో గిన్నెలు మూటకడుతున్న చప్పుడు వినిపించింది. తల్లి కొంగు బొడ్లో దోపి, రెండేసి మెట్లు దుముకుతూ కిందికి పరుగెత్తింది.