వెనకపేజీ మాస్టారు

చదివావులే, విన్నాను. మీ కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కలుపుకుంటోంది, మీ ఆఫీసు పెద్దాయన పళ్ళికిలించి ఫొటో దిగాడు. సంతోషం. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టవే, నీకు వెనకపేజీ మాస్టారి సంగతి చెప్పాలి. నేను పుస్తకాలు కుట్టే షెడ్డులో పనిచేశానని తెలుసుగా? అచ్చయిన పెద్ద కాగితాన్ని చెక్కబద్దతో మడిస్తే పదహారు పేజీలు. నా చదువంతా ఆ పదహారేసి పేజీలే. ఎన్ని కథలు మొదలుపెట్టానో, ఒక్కదానికీ చివర తెలీదు. అదలా ఉంచు, ఏం చెబుతున్నాను? ఆఁ, మాస్టారు. ప్రూఫుల్లో అచ్చుతప్పులు దిద్దీ దిద్దీ కళ్ళు అరగదీసుకుని రిటైరైన మనిషి. రోజూ మా మధ్య స్టూలేసుకుని పేపరు చదివేవాడు, మేం పద్దెనిమిది మందిమీ మడతలు పెడుతూ వినేవాళ్ళం. ఎప్పుడూ చివరి పేజీ నుంచే. "ముందు పేజీలో వాళ్ళు చెప్పాలనుకున్నది ఉంటుందమ్మా, వెనక పేజీలో చెప్పక తప్పనిది ఉంటుంది" అనేవాడు. మంత్రి చీపురు పట్టాడని వస్తే, "చీపురు కొత్తది, చెప్పులు కొత్తవి, ఆ చెత్త కూడా ఫొటోకని తెచ్చి పోసిందే" అనేవాడు. సినిమా హీరోకి సన్మానమంటే, "శాలువా కప్పినవాడి మొహమే పెద్దగా పడింది, చూశారా?" మేం నవ్వలేక చచ్చేవాళ్ళం.

ఒకరోజు మా యజమాని ఫొటో మొదటి పేజీలో పడింది. కొత్త యంత్రాలట, రెండొందల ఉద్యోగాలట! ఇంక ఆగుతామా? "ఇవాళొక్కరోజు ముందు నుంచి చదవండి మాస్టారూ" అని పీక మీద కూర్చున్నాం. అందరికంటే గట్టిగా అరిచింది నేనే, దాచుకోవడం దేనికి. పాపం, మా మాట విన్నాడు. చప్పట్లు కొట్టాం, టీ తెప్పించాం. చివరి పేజీకి వచ్చేసరికి మూడయింది. చదువుతున్నవాడల్లా పేపరు కళ్ళకి దగ్గరగా లాక్కున్నాడు. చీమతలంత అక్షరాల్లో ప్రకటన: మా షెడ్డు పడగొట్టడానికి యజమాని అనుమతి అడిగాడు, అభ్యంతరాలుంటే ఇవాళ ఐదింటిలోగా మున్సిపల్ కచేరీలో ఇవ్వాలి. మా పేరెత్తలేదు, మేమేదో పాత కుర్చీలమన్నట్టు.

చేతుల జిగురు కడుక్కోకుండానే బయల్దేరాం. "రాతపూర్వకంగా ఇవ్వాలి" అన్నాడు గుమస్తా, మొహం ఎత్తకుండా. నేను మాస్టారి వైపు చూశాను. "షెడ్డులో పనిచేసేది మీరు, నేను రాస్తే చెల్లదు. నువ్వే రాయి" అన్నాడు. ఉత్తరమ్ముక్క రాసి ఎరగను! అప్పటిదాకా చదివిన తలాతోకా లేని పేజీలన్నీ తలుచుకుని రాశాను. పద్దెనిమిది సంతకాలకి పద్దెనిమిది జిగురు మరకలు. ఐదుకి పది నిమిషాలుందనగా గుమస్తా ఠప్పుమని ముద్ర కొట్టాడు. ఆ ఠప్పు వింటే గుండె మీంచి బండ దిగినట్టయిందే! కచేరీ మెట్ల మీద కూలబడి ఒకటే నవ్వు, పిచ్చివాళ్ళలా. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నాడు. మాకు వేరే షెడ్డు చూపించి, పద్దెనిమిది మందినీ పనిలో పెట్టుకునేదాకా యజమాని ఒక్క ఇటుక కదపలేకపోయాడు.

ఆ తర్వాత ఎంత బతిమాలినా మొదటి పేజీ ముందు చదివితే ఒట్టు. ఆయన పోయినప్పుడు మేమందరం కలిసి పేపర్లో ప్రకటన వేయించాం. ఏ పేజీలోనో వేరే చెప్పాలా?

సరే, ఏదీ ఆ ఫోను. కిందికి పోనీ. ఇంకా కిందికి. అదుగో, ఆ సన్న అక్షరాలు. నా కళ్ళజోడు ఇలా తే.