భుజం ఓర్చే తూటా

"చిన్న తూటాల తుపాకీయే కొంటాను. ఇంక వాదించకు."

"దాంతో కొండమేక పడదని మీరే అనేవారు కదా?"

మంచుకొండల నడుమ నారిన్ లోయలోని ఆ వంటింట్లో ఆమె పిండి కలుపుతూ, ఓరకంట భర్త కుడిభుజాన్నే చూస్తోంది.

"దాంతో కాలిస్తే, అర కిలోమీటరు దూరంలో పెట్టిన చెక్క పలకకి ఒక్క తూటా తప్పలేదే!"

"పలకకేం, ఎక్కడికీ పోదు. మేక గాయంతో రాళ్ళలోకి పోయి చస్తుంది. దగ్గరికెళ్ళి కొట్టగలరా?"

"ఈ మోకాళ్ళతోనా?"

"అయితే పెద్ద తూటాలదే కొనండి."

"పెద్దది భుజాన్ని తంతుంది. మీట నొక్కకముందే కళ్ళు మూసుకుపోతున్నాయి."

"ఆపరేషనైన భుజం. మెల్లిగా కుదురుకుంటుంది."

"ఎప్పుడూ అదే మాట! పోయినేడు కూడా..."

"తెలుసు. దెబ్బతిన్న మేక దొరక్క, మన గొర్రెనే కోసి, వేట వాటా అని పక్కింటి ముసలమ్మకిచ్చారు."

"ఆవిడ కనిపెట్టిందా?"

"కొవ్వు చూడగానే. కొండమేకకి అంత కొవ్వెక్కడిది? మీ మొహం చూసి, దీవించి పుచ్చుకుంది."

అతను తల దించుకున్నాడు. భుజం ఓర్చే తూటా మేకను చంపదు, చంపే తూటాను భుజం ఓర్వదు. ఆమె పిండి మీద తడిగుడ్డ కప్పింది.

సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నాక అతను రొట్టె విరిచి, మొదటి ముక్క ఎదిగిన కూతురు బెగిమాయ్ చేతిలో పెట్టాడు.

"పెద్ద తూటాలదే కొంటున్నాను," అన్నాడు మెల్లిగా. "ఈ ఏడు వేట బెగిమాయ్‌ది. నేను కింద గుర్రాలు పట్టుకుంటాను."