మునెయ్య పెట్టని శాపం

కూసో పంకజాక్షీ, ఆ మంచం మీదే కూసో. ఏమంటివి, మునెయ్య శాపమా? తిరపతి నుంచి దిగీ దిగంగానే నీ చెవిన ఏసినారా? ఏస్తారులే, ఊరంతా ఇప్పుడు అదే మాట గదా.

మునెయ్యంటే బావులు తవ్వేటోడు. బంగారుపాళ్యం సుట్టూ ఆయప్ప గడ్డపార దిగని బావి లేదు. నా మామిడితోపులో బావిగూడా ఆయప్ప తవ్విందే. రాయి పగలగొడతాగూడా నవ్వతానే ఉండేటోడు, చిగుళ్ళన్నీ కనపడేటట్టు. ఎమర్జెన్సీ పెట్టినారు సూడు, ఆ యేడో, ముందుటేడో, వాన సుక్క లేదు. బావులన్నీ ఎండిపాయె. నా దాంట్లో మాత్రం మోకాటిలోతు ఉండె. మిట్టమద్యాన్నం కడవ ఎత్తుకోని వచ్చినాడు. "అన్నా, బిడ్డకు జొరం, ఒగ కడవ ముంచుకుంటా" అన్నాడు. నేను... చెట్లకే సాలదు, పో అంటిని. అనేస్తిని. ఆయప్ప ఒగ మాట తిట్టలేదు పాపా. "సరేన్నా" అని ఉత్త కడవతో పోయినాడు. మూడోనాడు పెండ్లాం దేవకమ్మనీ, బిడ్డనీ పిలుసుకోని తిరుచానూరికి పోయినాడు, పూలు కట్టి అమ్ముకునేదానికి. నాలుగేండ్లకు ఆడనే సచ్చిపోయినాడు.

మీ అవ్వ అడిగింది, మునెయ్య ఎందుకు పాయె అని. నాకు సిగ్గాయె. "పోతా పోతా, ఈ ఊరు పాడుబడనీ అని పిడికెడు మన్నెత్తి పోసినాడే" అంటిని. అంతే, ఆ ఒగ్గ మాటే, మీ అవ్వ నోట ఊరికెక్కె. నాలుగిండ్లు ఖాళీ అయినప్పుడు, "పిరికోడు, అందర్నీ లాక్కపోతా ఉండాడు" అన్నారు జనం. ఇరవై ఇండ్లు పోయినాక నా అబద్దాన్నే నిజమని పట్టుకున్నారు. ఇప్పుడు మిగిలింది పదకొండిండ్లు. బడి ఎత్తేసినా మునెయ్యే, బస్సు నిలిపేసినా మునెయ్యే. సచ్చినోడు బస్సు నిలపతాడా, నువ్వే చెప్పు?

మొన్న ఊరిపెద్ద దొరస్వామి ఇంటికాడ అందరూ కూడినారు. దేవకమ్మను పిలుసుకొచ్చి, గంగమ్మ గుడి ముందర శాపం తీపించాలంట. నేను లేసినా. ఉన్నదున్నట్టు చెప్పేసినా, కడవ మాటతో సహా. ఎవురూ తిట్టలేదు. తిట్టింటే బాగుండు. దొరస్వామి నా చెయ్యి పట్టుకోని, "గమ్మునుండు పెద్దాయనా. శాపమైతే తీపిచ్చుకుంటాం. నీళ్ళు లేకనే ఊరు పోయిందంటే, మేమేం జేసేది? మేమూ పోవాల్సిందే గదా" అన్నాడు. వరదమ్మ ఐతే ఏడ్సేసింది.

రేపు పొద్దున తిరుచానూరికి బయల్దేరతా ఉండారు. దేవకమ్మ నిజం చెప్పేస్తే ఈ పదకొండిండ్లోళ్ళూ మూటలు కట్టుకుంటారు. గమ్మున శాపం తీసేస్తే, ఆ మంచోడి మీద మచ్చ అట్నే నిలిచిపోతాది. ఏది కావాలని మొక్కుకునేది నేను? నన్నుగూడా రమ్మంటా ఉండారు, ఆమె ఇల్లు నాకే తెలుసునంట. తెలుసు. రెండు తూర్లు పోయినా గదా ఆ సందులోకి. తలుపుదాకా పోయి, కొట్టకుండానే...

పో పాపా. మీ అమ్మ కాపీకి పిలస్తా ఉండాది.