విమానం జట్టు పెళ్ళికొడుకు

న్యేరి కొండవాలులో గథోగో ఇంటి ముంగిట, చెరుకు కల్లు నింపిన సొరబుర్రను దించి, కిహారా చొక్కా మెడపట్టీ సవరించుకున్నాడు. గథోగో కూతురు న్యవీరా తండ్రిని ఆ కల్లు తాగమంటే పెళ్ళి ఖాయం, వద్దంటే మోసుకొచ్చిన బుర్రను మోసుకుపోవడమే. వాకిట్లో కూర్చున్న ముసలమ్మ వంగెచి, గథోగో తల్లి, అతన్ని ఏ ఏడు సున్తీ అయిన ఈడుజట్టువాడివని అడిగి, జవాబు విని ఉలిక్కిపడింది.

"అవమానం జట్టా? అదెప్పుడు పుట్టిందిరా నాయనా?"

"అవమానం కాదు అవ్వా, విమానం! నేను సున్తీ కత్తికి కూర్చున్న ఏడు ఆకాశంలో మొదటిసారి విమానం..."

"ఏమో, నీ మొహం చూస్తే మొదట వినబడిందే సరైందనిపిస్తోంది. ఒరే గథోగో! నీ జట్టువాడట, వచ్చాడు చూడు."

"నా జట్టువాడా? వీడా?"

"ఏరా గథోగో! బాగున్నావా? ఒకే జట్టువాళ్ళం, ఏరా అంటే తప్పేముంది?"

"తప్పేం లేదు. జట్టువాడు జట్టువాణ్ణి ఏమైనా అనొచ్చు. కానివాడు అంటే మాత్రం పళ్ళు రాలతాయి. కూర్చోరా కిహారా. గెడ్డం ఎక్కడ పెట్టి మర్చిపోయావు?"

"నైరోబీలో మేం రోజూ గీసుకుంటాం. మా రైలు ఆఫీసులో..."

"వయసు కూడా గీసేసుకుంటారా? సరే, ఆ ఏడు విమానం ఎటునుంచి వచ్చింది?"

"ఎటునుంచంటే... పైనుంచి."

"ఆహా, పైనుంచట! విన్నావా అమ్మా? మిగతా విమానాలన్నీ కిందినుంచి వచ్చాయి కాబోలు."

"నువ్వు మరీ నవ్వకురా కొడకా. సున్తీ పుండు మానకముందే ఆ విమానాన్ని చూసి అరటితోటలో దూరి, 'అమ్మా, గద్ద ఎత్తుకుపోతోందీ' అని ఏడ్చింది ఎవరు? నీ జట్టంతా అక్కడే బోర్లా పడుకుంది. అందుకే ఆ పేరు. ఆ ఏడు ఏది ముంచుకొస్తే అదే జట్టు పేరు. మశూచొస్తే మశూచి, మిడతలొస్తే మిడతలు."

"ఈ మశూచీ మిడతలూ ఎవరిక్కావాలి అవ్వా? అంతా పాత గోల."

"ఎవరిక్కావాలా? నా అన్నలు పోయింది మశూచికే. ఆ జట్టు ముసలాణ్ణి ఎవరైనా పిలిచినప్పుడల్లా వాళ్ళ మొహాలు కళ్ళముందుకొస్తాయి. నీకేం వస్తుంది, రైలు కూతా?"

"కోపం వద్దు అవ్వా. ఏరా గథోగో, పని మాట్లాడుకుందాం. ఓలి మేకలు ఎన్ని కావాలో అడుగు. న్యవీరాని నాకివ్వు."

"న్యవీరాని? నీకా? ఛీ ఛీ!"

"ఛీ ఏంటి?"

"నా జట్టువాడికి నా కూతురు ఏమవుతుందిరా?"

"ఏమవుతుంది... కూ... అంటే..."

"ఊ, అను, అను. నోట్లో పెట్టుకుని నములుతావేం?"

"కూతురు... అయినా అది ఉత్తుత్తి కూతురు కదా!"

"ఉత్తుత్తిదా? నేను పోతే దాని పెళ్ళికల్లు తాగాల్సింది నా జట్టువాళ్ళు! వాళ్ళందర్నీ అది నాన్నా అనే పిలుస్తుంది. కూతుర్ని పెళ్ళాడతానని కల్లు మోసుకొచ్చావా, సిగ్గులేనోడా!"

"ఆగు, ఆగు! నేను విమానం కాదు!"

"దిగావా?"

"నాది సూది జట్టు. ఊరందరికీ మందు సూదులు పొడిచిన ఏడు. మీకన్నా చిన్నవాణ్ణి... పెద్దాయనా."

"ఓహో, ఇప్పుడు పెద్దాయననా? మరి ఇందాక నన్ను ఏరా అన్నదెవరు సూదిగాడా? నా పెళ్ళాం తమ్ముడు కూడా అనడు ఆ మాట!"

"అవ్వా, నువ్వైనా చెప్పు..."

"నాకు చెవుడు కదా నాయనా. నువ్వే తేల్చుకో. విమానానివైతే దానికి తండ్రివి. సూదివైతే దాని తండ్రిని ఏరా అన్న పోకిరివి. ఎవరికిమ్మంటావు పిల్లని?"

"అసలు ఈ అబద్ధం ఆడమన్నదే న్యవీరా! 'మా నాన్నకి విమానం జట్టువాళ్ళంటే ప్రాణం, రాగానే ఏరా అను, నువ్వేమడిగినా కాదనడు' అని మొన్న సంతలో తనే చెప్పింది!"

"ఏంటీ? న్యవీరా! ఇటు రావే. వీడికి నువ్వు చెప్పావా?"

"చెప్పాను నాన్నా. 'నువ్వు నాకొద్దు, పో' అని ఇతనికి ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఇది మాత్రం ఒక్కసారికే విన్నాడు."

"హమ్మ నా మనవరాలా!"

"నువ్వుండమ్మా. న్యవీరా, మరి ఈ కల్లు సంగతేంటి? తాగమంటావా, పంపించేయమంటావా?"

"తాగు నాన్నా. పెళ్ళికల్లయితే వద్దనేదాన్ని. కొత్త నాన్న అంత దూరంనుంచి ముచ్చటపడి మోసుకొస్తే, కూతుర్ని, నేనెలా కాదంటాను?"