మూడో ఏడూ ‘సాధారణం’

గిడ్డంగి పక్కనున్న అద్దాల గదిలోకి వచ్చి, సూపర్‌వైజరు తన పనితీరు నివేదికను మేనేజరు ముందు పెట్టింది.

“మూడో ఏడు కూడా ‘సాధారణం’ అనే రాశారేంటి సార్? మొన్న సరుకంతా తారుమారైతే సర్దింది నేనే కదా?”

“నువ్వే. కాదని ఎవరన్నారమ్మా?”

“మరి?”

“బాగా చేస్తోందని రాస్తే హెడ్డాఫీసువాళ్లు మర్నాడే నిన్ను ఎగరేసుకుపోతారు. ఇక్కడ నా పని గోవిందా.”

“నాకు వెళ్లాలనే ఉంది సార్. ఈ దుమ్ములో ఇంకెన్నాళ్లు?”

“నన్నడుగుతావా? పద్దెనిమిదేళ్లుగా ఈ కుర్చీకి అతుక్కుపోయాను. మా పెద్దసారు ఏటా నా గురించి రాసేదీ ఆ మాటే.”

“తెలిసి తెలిసి నాకూ అదే చేశారా? మనసెలా ఒప్పింది సార్?”

“అది సరే, నీ కింద లేబుళ్లు అంటించే అమ్మాయి ఎలా చేస్తోంది?”

“బంగారం సార్. అది ఒక్కరోజు రాకపోతే నాకు కాలూ చెయ్యీ ఆడదు.”

“దాని నివేదిక పొద్దున నువ్వే ఇచ్చావుగా. ఏమని రాశావు?”

“...‘సాధారణం’ అని.”

“ఇదిగో, ఇంకా పైకి పంపలేదు. దిద్దుతావా? పెన్ను ఇమ్మంటావా?”

“...వచ్చే ఏడు దిద్దుతాలెండి సార్.”